విప్పని మూడో ముడి

అంకారా, 28 సెప్టెంబర్ 1986

అన్నయ్యా,

ముందుగా అమ్మ చేతుల్నీ నీ చేతుల్నీ ముద్దు పెట్టుకుంటున్నాను. నువ్వు బస్సు మీద వేసిన రజాయి క్షేమంగా అందింది. బస్టాండు నుంచి నర్సుల హాస్టలు దాకా నెత్తిన పెట్టుకునే నడిచాను. గేటు దగ్గర కాపలాదారు "పెళ్ళికూతురు వచ్చింది, పెళ్ళికొడుకేడమ్మా?" అని ఆటపట్టించాడు.

మా గదిలో అమ్మాయిలంతా చుట్టూ మూగారు. నడిమధ్య నువ్వు కుట్టిన పొద్దుతిరుగుడు పువ్వును వేళ్ళతో తడిమి తడిమి చూశారు. ఇజ్మిర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి "మిషను మీద కుట్టిందా?" అని అడిగింది. "మిషనుకు ఇంత ఓపిక ఎక్కడిది?" అన్నాను. గర్వంగా అనిపించింది.

ఒక్క సంగతి అడగాలా వద్దా అని ఆలోచించాను. తిరగేసి చూస్తే అస్తరు గుడ్డ మీద అక్కడక్కడ తుప్పురంగు మచ్చలున్నాయి, ఆవగింజంత. ఆ ఇజ్మిర్ అమ్మాయే ముందు చూసింది. "మీ అన్న చేతులు కడుక్కోడా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. తర్వాత సిగ్గేసింది. ఇప్పుడు మచ్చలున్న వైపు లోపలికి పెట్టి కప్పుకుంటున్నాను. నీ పనిలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. వేళ్ళకు దెబ్బ తగిలిందా?

నాజిఫాకు నా సలాములు చెప్పు. వచ్చే ఏడు వరికోతలయ్యాక మీ పెళ్ళంటే అప్పటికి నా చదువూ అయిపోతుంది. పెళ్ళిలో నేనే ముందుండి ఆడతాను. ఉత్తరం నీ చేత్తోనే రాయి, ఎవరి చేతా రాయించకు.

నీ చేతుల్ని ముద్దు పెట్టుకుంటూ,
గులిజార్


టోస్యా, 14 అక్టోబర్ 1986

చెల్లీ గులిజార్,

నేను బాగున్నాను, అమ్మ బాగుంది. అక్షరాలు సైన్యంలో మా సార్జెంటు నేర్పినవి. వంకరగా ఉంటే తప్పు సార్జెంటుది.

ఆ ఇజ్మిర్ పిల్లకు చెప్పు, నేను చేతులు కడుక్కునే కుట్టానని. మచ్చలు మాత్రం నావే. ఏడాదిగా ఇదో కొత్త గోల పట్టుకుంది. సూది గుచ్చుకున్న చోటల్లా రెండు రోజులకు ఎర్రగా లేచి చీముపొక్కు కడుతోంది. పదేళ్ళ వయసు నుంచి సూదితోనే బతుకుతున్నాను. అది నన్ను గుచ్చని రోజు లేదు, ఎప్పుడూ ఇలా పొక్కలేదు. ఇప్పుడు దానికి నామీద ఎందుకో కోపమొచ్చింది. కొట్టుకు వచ్చే ఆడవాళ్ళు నా వేళ్ళు చూసి గుడ్డ వెనక్కి లాక్కుంటున్నారు. చేతులు బల్ల కింద పెట్టుకుని మాట్లాడుతున్నాను.

మొన్న కుడికన్ను ఎర్రబడింది. వెలుతురు చూస్తే పొడిచినట్టుంటుంది. దూది ఏకేటప్పుడు నూగు పడి ఉంటుంది. అమ్మ మాత్రం దిష్టి అంటోంది. నా తల మీద దుప్పటి కప్పి, సీసం కరిగించి నీళ్ళలో పోసింది. అది కన్ను ఆకారంలో గడ్డకట్టిందట. నాకైతే బాతులా కనిపించింది. పక్కింటి బాలింత వచ్చి రెండు చుక్కలు చనుబాలు వేసింది. వాళ్ళ పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు, వాడి వాటా నేను తాగేశానని.

నోటిపూత తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. పుల్లటి తర్హానా చారు నోట్లో పెట్టుకోలేకపోతున్నాను. తన చేతి వంట నచ్చక మానేశానని అమ్మ అలిగింది. ఇంకా

పైన ఒక మాట రాసి కొట్టేశాను. పట్టించుకోకు.

నాజిఫా వాళ్ళమ్మ దానిమ్మపువ్వు రంగు శాటిన్ తెచ్చి ఇచ్చింది, కూతురి పెళ్ళి రజాయికి. ఊళ్ళో ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే కదా. టీకొట్టులో ఒకటే నవ్వులు. "కప్పుకునేదీ వీడే, కుట్టేదీ వీడే, కూలి అడిగేదీ వీడే!" అని.

నీ రెండు కళ్ళనూ ముద్దు పెట్టుకుంటూ,
అన్న హమ్దీ


అంకారా, 2 నవంబర్ 1986

అన్నయ్యా,

చదివి నవ్వుకున్నాను, తర్వాత కోపమొచ్చింది. నేనిక్కడ రెండో ఏడు చదువుతున్నాను. మన ఇంట్లో పుస్తకం పట్టినదాన్ని నేనొక్కదాన్నే. మీరు అక్కడ కంట్లో చనుబాలు పోయిస్తున్నారు! వెంటనే మానిపించు.

శ్రద్ధగా విను. నీకు వచ్చింది కండ్లకలక. మా పుస్తకంలో స్పష్టంగా ఉంది. కన్ను నులమకు. తువ్వాలు వేరే పెట్టుకో. దూది ఏకేటప్పుడు ముఖానికి పల్చటి గుడ్డ కట్టుకో. వారంలో తగ్గుతుంది. వేలికి తొడుగు పెట్టుకుని కుట్టు, నీకు ఎప్పుడూ బద్ధకమే. సూదిని కాల్చి వాడు. నోటిపూత పళ్ళు సరిగ్గా తోముకోకపోతే వస్తుంది. ఇవన్నీ శుభ్రతకు సంబంధించినవి. చదువులేని ఇళ్ళలోనే ఎక్కువట.

నా మాట విను, రేపో మాపో నర్సును కాబోతున్నాను.

నీ చేతుల్ని ముద్దు పెట్టుకుంటూ,
గులిజార్


టోస్యా, 21 డిసెంబర్ 1986

గులిజార్,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. వారంలో తగ్గింది. "చూశావా, మన పిల్ల డాక్టరమ్మ" అని అమ్మతో అన్నాను. నెల తిరక్కుండా ఎడమకన్ను అందుకుంది. అది తగ్గగానే మళ్ళీ కుడిది. తగ్గిన ప్రతిసారీ కాస్త చూపు పట్టుకుపోతోంది, ఇల్లు ఖాళీ చేసే అద్దెవాడు తలుపు గడియలు కూడా పీక్కుపోయినట్టు. నల్లగుడ్డు అడుగున తెల్లగా నెలవంకలా ఏదో కనిపిస్తోందని అమ్మ అంది.

ఇక్కడి డాక్టరు చుక్కలమందు రాశాడు. "ఒంట్లో ఇంకెక్కడైనా బాధ ఉందా?" అని అడిగాడు. లేదన్నాను.

నాజిఫా వాళ్ళకు ఉంగరం తిప్పి పంపేశాను. శాటిన్ కూడా. కారణం నన్ను అడగకు. ఆ పిల్లలో ఏ తప్పూ లేదు. ఇది చెల్లెలికి రాసే విషయం కాదు.

దూరం నుంచే సలాం.
హమ్దీ


అంకారా, 4 జనవరి 1987

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కారణం అడగకు అంటున్నావు. నేను అడగకపోతే ఎవరడుగుతారు? అమ్మ అడగలేదు, నాన్న లేడు.

నాజిఫా నిశ్చితార్థం రోజు నా జడ వేసింది. ఆ ఇంటికి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? సొంత కొట్టు పెట్టుకున్నావు, నాలుగు ఊళ్ళవాళ్ళు వస్తున్నారు. వరిమడిలో కలుపు తీసే ఇంటి పిల్ల ఇప్పుడు నీకు ఆనలేదా? తప్పు లేదంటావు, ఉంగరం తిప్పి పంపుతావు! తప్పు లేనప్పుడు పంపడమే పెద్ద తప్పు.

పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కళ్ళను ముద్దు పెట్టుకుంటూ ఉత్తరం ముగిస్తారు. సైన్యంలో నువ్వు రాయడం నేర్చుకుని పంపిన మొదటి ఉత్తరంలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మానలేదు. ఈసారి దూరం నుంచి సలాం అన్నావు. అంటే కోపం నామీద చూపిస్తున్నావన్నమాట.

నీ చెల్లెలినని చెప్పుకోవడానికి మొదటిసారి సిగ్గుగా ఉంది.

గులిజార్


టోస్యా, 25 జనవరి 1987

గులిజార్,

నువ్వు సిగ్గుపడటం న్యాయమే. నర్సు చదువు చదువుతున్నావు, నేను రాయకపోయినా నీకు తెలిసిపోతుందని ముందే అనుకోవాల్సింది. నీకు తెలిసిందని తెలిశాక నిద్ర పట్టడం లేదు. అమ్మకు మాత్రం చెప్పకు. సెలవులకు రాకు. నా రజాయి కప్పుకోకు, ఎవరికైనా ఇచ్చెయ్. ఇవ్వడం కూడా వద్దేమో, కాల్చెయ్.

హమ్దీ


అంకారా, 8 ఫిబ్రవరి 1987

అన్నయ్యా,

నాకేం తెలిసింది? నాకేమీ తెలియదు. నీ ఉత్తరం చదివాక భయమేస్తోంది.

అడగడానికి చెయ్యి రావడం లేదు, అయినా అడుగుతున్నాను. నాజిఫా విషయంలో చేయకూడనిది ఏమైనా చేశావా? చేసి ఇప్పుడు ఆ పిల్లను వదిలించుకుంటున్నావా? అలా అయితే దాచకు. ఇద్దరం వెళ్ళి వాళ్ళ నాన్న కాళ్ళ మీద పడదాం.

అలా కాకపోతే, ఈ మాట అడిగినందుకు నన్ను తిట్టు. తిడుతూ అయినా సరే, జవాబు రాయి.

గులిజార్


టోస్యా, 15 మార్చి 1987

విషయం: కన్నుల గురించి.

అంకారా నర్సుల పాఠశాల విద్యార్థిని కుమారి గులిజార్ గారికి,

టోస్యా వాస్తవ్యుడు, రజాయిల మేస్త్రీ, తమ సొంత అన్న అయిన హమ్దీ తెలియజేసుకొనునది ఏమనగా: సదరు హమ్దీ కుడికన్ను పూర్తిగానూ, ఎడమకన్ను సగం పైగానూ పని చేయకపోవుట చేత, స్వహస్తాలతో వ్రాయలేని స్థితిలో, కోర్టు ముందు అర్జీలు వ్రాయు రుస్తెమ్ ఎఫెందీ ద్వారా ఈ లేఖ వ్రాయించుచున్నాడు. తమ గత లేఖ కూడా సదరు రుస్తెమ్ ఎఫెందీ చేతనే చదివించుకోవడం జరిగింది. అందులో తాము లేవనెత్తిన అనుమానం పూర్తిగా నిరాధారం. సదరు యువతి చిటికెనవేలు కూడా ముట్టియుండలేదని హమ్దీ ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాడు.

తల్లిగారు క్షేమం. కొట్టు మూసివేయబడినది.

తగు చర్య నిమిత్తం.

అమ్మా గులిజార్, ఇక్కడి నుంచి నా సొంత మాటలు. ముప్ఫై ఏళ్ళుగా టైపు మిషను మీద అర్జీలే కొట్టీ కొట్టీ నా వేళ్ళకు ఇంకో భాష రాదు, ఏమనుకోకు. మీ అన్న ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఎండలో కూడా కళ్ళకు గుడ్డ కట్టుకున్నాడు. నీ ఉత్తరం నేను చదువుతుంటే వెనక వరసలో పొలం తగాదావాళ్ళు నలుగురు నిలబడి విన్నారు. నేను చూసుకోలేదు, నాదే తప్పు. "ఇంకేమైనా రాయాలా?" అని అడిగాను. "ఉంది, కానీ మీతో కొట్టించేది కాదు" అన్నాడు. ఎంత బతిమాలినా చెప్పలేదు.

రుస్తెమ్


అంకారా, 22 మార్చి 1987

రుస్తెమ్ ఎఫెందీ గారికి సలాములు. ఈ ఉత్తరం మా అన్నకు కోర్టు ముందు చదవవద్దు. మీ ఇంటికి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి చదవండి. కవరులోని దారం పారేయకండి.

అన్నయ్యా,

పోయిన వారం మమ్మల్ని చర్మవ్యాధుల వార్డుకు తీసుకెళ్ళారు. అక్కడ ఒక రోగి ఉన్నాడు, నీ ఈడు మనిషి, చోరుమ్ వైపు లారీ డ్రైవరు. పెద్ద సిస్టరు ముఅల్లా గారు అతని నోరు చూపించారు, కన్ను చూపించారు. తర్వాత అతని అనుమతి అడిగి దుప్పటి కొంచెం తొలగించారు. ఇద్దరమ్మాయిలు కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు గానీ కళ్ళు దించేసుకున్నాను. చెవులు కాలిపోయాయి.

ముఅల్లా గారు చూసేశారు. "ఏ ఊరమ్మా నీది?"

"టోస్యా."

"టోస్యాలో సిగ్గు ఎక్కువా?"

"ఉంటుంది మేడమ్."

"నువ్వు కళ్ళు దించుకున్నావు. ఇతనూ ఏడాదిన్నర పాటు డాక్టర్ల ముందు అలాగే దించుకున్నాడు. ఇప్పుడు ఎత్తినా ఏమీ కనిపించదు."

ఆ డ్రైవరు నవ్వాడు. "ఆ పిల్లనేమీ అనకండి సిస్టర్, నాకన్నా నయం. నేనైతే దుప్పటి గట్టిగా పట్టుకున్నాను" అన్నాడు.

తర్వాత ఒక పరీక్ష చూపించారు. మందు ఏమీ లేదు. వట్టి సూదితో ముంజేతి మీద గుచ్చి వదిలేశారు. రెండు రోజులాగి వెళ్ళి చూశాం. గుచ్చిన చోట ఎర్రగా లేచి, చిన్న చీముపొక్కు ఉంది. అమ్మాయిలంతా ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం మన కొట్టు గుర్తొచ్చింది, నీ వేళ్ళు గుర్తొచ్చాయి. రజాయి మీది మచ్చలు గుర్తొచ్చాయి. వార్డులోనే కూర్చుండిపోయాను.

అన్నయ్యా, నీకు కండ్లకలక కాదు. నీకు వేలితొడుగు బద్ధకమూ లేదు, శుభ్రత లోపమూ లేదు. నాకు తెలియదని నాకు తెలియలేదు.

అయితే ఆ జబ్బును పేరుపెట్టి పట్టుకోవాలంటే డాక్టర్లకు కన్ను ఒక్కటి చూపిస్తే చాలదు. అన్నీ ఒకచోట చేర్చి చెప్పాలి. అందుకే ఈ దారం. నీ కొట్టులోని మైనపు దారమే, రజాయి అంచు నుంచి తీశాను. మూడు ముళ్ళు వేశాను. మొదటిది నోటిది, తర్హానా చారు మండించే చోటు. రెండోది కంటిది. మూడోది ఏమిటో నేను రాయను, నువ్వు చెప్పక్కర్లేదు. నువ్వు రాసి కొట్టేసిన మాట, డాక్టరు అడిగితే లేదన్న మాట, ఉంగరం తిప్పి పంపించిన మాట అదే అయితే ఆ ముడి అలాగే ఉంచు. కాకపోతే విప్పెయ్. ముళ్ళు విప్పడానికి నీకు కళ్ళతో పనిలేదు. దారం తిరిగి పంపు.

ఒక్క సంగతి మాత్రం చెప్తాను. ఆ డ్రైవరు భార్య రోజూ వచ్చి అతని పక్కన కూర్చుని వాల్‌నట్లు కొట్టి పెడుతోంది. ఆమెకు ఏమీ రాలేదు. ఇది అంటుకునే జబ్బు కాదు.

నీ చేతుల్ని, పొక్కిన వేళ్ళను కూడా ముద్దు పెట్టుకుంటూ,
గులిజార్


టోస్యా, 30 మార్చి 1987

కుమారి గులిజార్ గారికి,

తాము పంపిన దారం ఒకటి, దీనితో జతపరచి తిప్పి పంపడమైనది. ముళ్ళు మూడు. విప్పబడినవి ఏవీ లేవు.

అమ్మా, నేనేమీ అడగలేదు, వాడేమీ చెప్పలేదు. మా ఇంట్లోనే చదివాను. మా ఆవిడను పక్కింటికి పంపేశాను. మూడో ముడి దగ్గర చాలాసేపు వేళ్ళు ఆడించాడు. విప్పుతాడేమో అనుకున్నాను. పళ్ళతో పట్టుకుని ఇంకా బిగించాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు.

శనివారం బస్సు ఎక్కిస్తున్నాను. డ్రైవరు వెనక సీటే దొరికింది. బస్టాండులో నిలబడు.

రుస్తెమ్


అంకారా, కంటి వార్డు, 19 ఏప్రిల్ 1987

చెల్లీ,

నువ్వు రోజూ వచ్చి నా మంచం పక్కన కూర్చుంటున్నావు. అయినా ఉత్తరం రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నేను కిటికీ గురించీ ఇక్కడ తాగడానికిచ్చే సూపు గురించీ తప్ప మాట్లాడలేనని నీకు తెలుసు. అక్షరాలు గుమ్మడికాయలంత రాస్తున్నాను, కాగితం చాలకపోతే వెనక చూడు. దీన్ని నీ గదిలో చదువుకో. రేపు వచ్చినప్పుడు దీని సంగతి ఎత్తకు.

ఆ రోజు డాక్టరు ముందు నేను చాలాసేపు నోరు విప్పలేదు. ముఅల్లా గారు నిన్ను బయటికి పంపారు. తలుపు అద్దంలో తెల్లగా మసకగా నీ ఆకారం కనిపించింది. ముఖం ఎటు ఉందో తెలియలేదు. "మా చెల్లి ఇటు చూస్తోందా?" అని అడిగాను. "వీపు తిప్పి నిలబడింది, ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. మా పెద్ద డాక్టరునే ఆపేసింది" అన్నారు. అప్పుడు చెప్పాను.

వాళ్ళకు చెప్పింది నీకూ చెప్పాలి. సైన్యంలో ఉండగా ఒకసారి తోటివాళ్ళతో కలిసి ఆ ఆడవాళ్ళ వీధికి వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చానని అందరికీ చెప్పుకున్నాను. తిరిగి రాలేదు. పెళ్ళి కుదిరాక కింద పుండ్లు మొదలైనప్పుడు, దేవుడు ఇన్నేళ్ళు ఆగి నాజిఫా వాకిట్లో పట్టుకున్నాడనుకున్నాను. ఆ పిల్లకు అంటించకూడదని ఉంగరం పంపేశాను. నీ కళ్ళను ముద్దు పెట్టుకుంటున్నానని కాగితం మీద రాయడానికి కూడా భయమేసింది. నీకు సిగ్గుగా ఉందని నువ్వు రాస్తే, నర్సువి కదా, పట్టేశావనుకున్నాను. ఆ ఉత్తరం పొయ్యిలో వేశాను.

డాక్టరు ఏమన్నాడో తెలుసా? "ఇది ఏ వీధిలోనూ దొరకదు, ఎవరికీ అంటదు. నీ ఒంటికి కాపలా కాసేవాళ్ళే మతి తప్పి, దొంగని వెతుకుతూ నీ ఇంటి తలుపులే పగలగొడుతున్నారు. సూది గుచ్చితే చాలు, దొంగ దొంగ అని పదిమంది పరిగెత్తుకొస్తున్నారు. అవే పుండ్లు, అదే కన్ను."

"అంటే మా వీధిలో ఈల వేసుకుంటూ తిరిగే కాపలావాడేనన్నమాట" అన్నాను.

"వాడే. వాడికి నిద్రమందు ఇస్తున్నాం. మరీ ఎక్కువ ఇస్తే నిజం దొంగలు దూరతారు. అందుకే జాగ్రత్తగా ఉండాలి, మాత్రలు మానకూడదు."

నాకు ఏడుపొచ్చింది. సంతోషమో ఏమో తెలియదు. తర్వాత అడిగాను, శీతాకాలంలో మా ఊరి డాక్టరు అడిగినప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేదని. "కుడికన్ను దక్కేదేమో" అన్నాడు. మంచి మనిషి, అబద్ధం చెప్పలేదు. నేను పాపం చేశాననుకుని నోరు మూసుకున్నాను. కన్ను తీసుకుపోయింది పాపం కాదు, నోరు మూసుకోవడం.

ఎడమకన్ను నిలబడుతుందట. నిన్న కిటికీలోంచి చెట్టు కనిపించింది, ఆకులు విడివిడిగా.

అన్న హమ్దీ


అంకారా, 21 ఏప్రిల్ 1987

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే దాని సంగతి ఎత్తలేదు. సూపు గురించే మాట్లాడాను. ఉప్పు తక్కువైందని నువ్వన్నావు, ఆసుపత్రి అంటే అంతే అని నేనన్నాను. తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈ కాగితం ముఅల్లా గారు నీకు చదివి వినిపిస్తారు. ఆమె ముందు నాకు దాచేది ఏమీ లేదు.

నువ్వు సిగ్గుతో దాచావు. నేను చదువుకున్నానన్న పొగరుతో చూడలేకపోయాను. అక్టోబరులో నువ్వు రాసిన ఉత్తరంలోనే నోరుంది, కన్నుంది, సూది ఉంది. కొట్టేసిన ఆ మాట కూడా ఉంది. నేను నీకు పళ్ళు తోముకోమని రాశాను.

నిన్న రాత్రి రజాయి తిరగేసి, మచ్చలున్న వైపు పైకి వేసుకున్నాను. ఇజ్మిర్ అమ్మాయి చూసి "అదేంటి?" అంది. "మా అన్న వేళ్ళ రక్తం" అని మొత్తం చెప్పాను. మూడో ముడి కూడా చెప్పాను. దీపం తీసేశాక చీకట్లో "మా పెదనాన్నకు కూడా నోట్లో అలాగే వస్తుంది. కన్ను ఎర్రగా ఉంటుంది. అడగాలంటే ఎలా అడగాలి?" అంది. తెల్లారాక ఆమెకు దారం ఇచ్చాను.

చిన్నదాన్ని, ఇలా ముగించకూడదు. అయినా నీ రెండు కళ్ళనూ ముద్దు పెట్టుకుంటున్నాను. చూసేదాన్నీ, చూడనిదాన్నీ.

గులిజార్


టోస్యా, 7 జూన్ 1987

చెల్లీ గులిజార్,

చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కళ్ళు ముద్దు పెట్టుకోకూడదు. మర్యాద మరిచావు. అయినా పంపినవి తిప్పి పంపను, ఉంచుకుంటున్నాను.

మాత్రలు వేళకు వేసుకుంటున్నాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతుంటే టీకొట్టులో "సినిమావాళ్ళు వచ్చారు, లేవండ్రా" అంటున్నారు. పండగ కాగానే కొట్టు తెరిచాను. పొద్దున్నే అమ్మ వచ్చి సూదుల్లో దారం ఎక్కించి, వరసగా దిండుకు గుచ్చి వెళ్తుంది. మిగతాది వేళ్ళకు తెలుసు.

బుధవారం నాజిఫా వచ్చింది. ఒంటరిగానే. గుమ్మంలోనే నిలబడింది.

"కన్ను పోయిందట కదా హమ్దీ మేస్త్రీ."

"పోయింది."

"ఆడపిల్ల ఉసురు తగిలిందంటోంది మా అమ్మ."

"నువ్వేమంటావు?"

"నేను శాపం పెట్టలేదు. ఒకట్రెండుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను."

నేను సూది పక్కన పెట్టాను. ఆమె వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. "ఈ చలికాలమంతా నేను ఊరి హమామ్‌కు స్నానానికి వెళ్ళలేదు, తెలుసా?" అంది. "ఉంగరం తిరిగొచ్చిన వారం వెళ్ళాను. నేను బట్టలు విప్పగానే ఆడవాళ్ళంతా నీళ్ళు పోసుకోవడం ఆపేశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. చూశారు, అంతే. వీపు చూశారు, కాళ్ళు చూశారు. కారణం చెప్పకుండా ఉంగరం తిప్పి పంపితే, కారణం పిల్ల ఒంటి మీదే ఎక్కడో ఉంటుందట. వెతికారు. మా సొంత పిన్ని కూడా సబ్బు ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి నా వీపు వైపు వెళ్ళి చూసింది."

చెల్లీ, నేను ఈ చలికాలమంతా నా సిగ్గు నా దగ్గరే దాచుకున్నాననుకున్నాను. అది వెళ్ళి ఆ పిల్ల ఒంటి మీద కూర్చుంది.

చెప్పాను. నోటితోనే చెప్పాను, దారం లేకుండా. సైన్యం సంగతి కూడా. తల ఎత్తే చెప్పాను, ఎటూ నాకు ఆమె ముఖం సరిగ్గా కనిపించదు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"దీనికా?" అంది. వెళ్ళిపోయింది.

సాయంత్రం టీకొట్టుకు వెళ్ళాను. రుస్తెమ్ ఎఫెందీకి ముందే చెప్పాను, ఊరందరికీ ఒక మాట చెప్పాలని. "నేను కొట్టి చదువుతాలేరా, సదరు అని మొదలుపెడితే ఎవరూ నవ్వరు" అన్నాడు. వద్దన్నాను. మధ్యలో నిలబడ్డాను. నాజిఫా వాళ్ళ నాన్న పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు.

"కూర్చోరా, టీ చల్లారిపోతుంది" అన్నారెవరో.

"చల్లారనీ. ఒక మాట వినండి. నాజిఫాకు ఉంగరం తిప్పి పంపింది నాకు జబ్బు చేసి. నా నోట్లో, కంట్లో, లాగు లోపల పుండ్లు. చెడ్డ జబ్బనుకుని దాచాను, కాదు. దాచి కన్ను పోగొట్టుకున్నాను. ఆ పిల్ల ఒంటి మీద ఏ లోపమూ లేదు. లోపం నా ఒంటి మీద ఉంది. ఎవరికైనా వెతకాలని ఉంటే నన్ను వెతకండి."

పాచికలు ఆగిపోయాయి. అప్పుడు ముసలి కసాయి దుర్మూష్ గొంతు సవరించుకుని "ఒరే, ఆ మాట చేరాల్సింది హమామ్‌కు. ఇక్కడ మాకు చెప్తే ఏం లాభం?" అన్నాడు.

"మీ అందరికీ పెళ్ళాలున్నారుగా బాబాయ్, మీరు చేరవెయ్యండి."

నవ్వారు. నవ్వినా పరవాలేదనిపించింది. నా గురించే కదా నవ్వింది. నాజిఫా వాళ్ళ నాన్న లేచి టోపీ పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడని తర్వాత తెలిసింది.

నిన్న వాళ్ళమ్మ కొట్టుకు వచ్చింది. బల్ల మీద ఏదో దబ్బున పడేసింది. తడిమితే తెలిసింది, ఆ శాటినే. దానిమ్మపువ్వు రంగు. రంగు నాకు గుర్తుంది కాబట్టి కనిపించింది.

"కుట్టు" అంది.

ఎవరి పెళ్ళికి అని నోటి చివరిదాకా వచ్చింది. అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎవరి పెళ్ళికైనా సరే, మంచి దూది ఏకించాను. నడుమ పొద్దుతిరుగుడు పువ్వు పెడుతున్నాను. ఈ మధ్య సూది గుచ్చుకున్నా వేళ్ళు పొక్కడం లేదు, కాపలావాడు నిద్రలో ఉన్నట్టున్నాడు. అస్తరు మీద ఒక్క మచ్చ కూడా పడనివ్వకూడదని జాగ్రత్తగా కుడుతున్నాను. పడితే, అది ఏమిటో నాజిఫాకు తెలుసు.

నీ రెండు కళ్ళనూ ముద్దు పెట్టుకుంటూ,
అన్న హమ్దీ